నాలుగు జాడీల సముద్రం

సముద్రం పక్కన కూర్చుని సముద్రం మీద పరిశోధన చేయడం పెద్ద గొప్ప కాదు. ఎవరైనా చేస్తారు. మేము చేసింది హోసూరులో. దగ్గర దగ్గర మూడు వేల అడుగుల ఎత్తున, ఏ దిక్కు చూసినా రాగి చేలూ గుండ్లూ తప్ప మరేమీ లేని చోట. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. తర్వాత "ఎందుకు?" అంటారు. యాభైల చివర నుంచి అరవైల మధ్య దాకా నేను ఆ లాబరేటరీలో పనిచేశాను. ఆ "ఎందుకు?" అన్నదానికి తిన్నగా జవాబు చెప్పిన ఆఫీసరును ఒక్కణ్ణి కూడా చూడలేదు.

ఇప్పుడు లాబరేటరీ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. "తాతా, మీ కాలంలో ఎట్ల చేసేవాళ్ళు?" అంటారు. నేను మొదలుపెట్టగానే వాచీ చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను. రాసినది మధ్యలో పక్కన పడేసినా నాకు కనపడదు.

నా చదువు

మాది ఉద్దనపల్లి. ఎనిమిదో తరగతితో బడి అయిపోయింది. మిగతాదంతా నేనే చదువుకున్నాను. ఇంగ్లీషు నేర్చుకున్న నిఘంటువుకు ముందు సగం చిరిగిపోయి, 'ఎమ్' అక్షరంతో మొదలయ్యేది. అందువల్ల నాకు పెన్సిలిన్ తెలుసు, స్ట్రెప్టోమైసిన్ తెలుసు. బాక్టీరియా అంటే ఏమిటో మాత్రం చాలా రోజులు తెలియదు. నవ్వాలనిపిస్తే నవ్వండి. మొదటి సగం మాత్రమే చదివి ఆఫీసర్లయినవాళ్ళ కింద పనిచేశాను నేను.

నా ఉద్యోగం పేరు మీడియా అటెండరు. మీడియా అంటే ఇప్పటి పేపర్లూ టీవీలూ కాదు, బాక్టీరియాకు పెట్టే తిండి. నీళ్ళూ, మాంసరసం పొడీ, అది గట్టిపడేందుకు సముద్రపు నాచు నుంచి తీసే అగరూ కలిపి, ఆవిరిలో ఉడికించి, గాజు పళ్ళేలలో పోసి చల్లార్చడం. ఒక రకంగా వంటమనిషిని. కాకపోతే నా అతిథులు కంటికి కనపడరు. వంట బాగోలేకపోతే చచ్చిపోతారు.

బురదలో సంత

మా లాబరేటరీ పెట్టింది పశువుల కోసం. పాడి ఆవులకు పొదుగువాపు వస్తుంది. దానికి కారణమైన క్రిమి మీద అప్పటికే పెన్సిలిన్ పని సరిగా చేయడం లేదు. కొత్త మందు కావాలి. అప్పట్లో లోకంలో అందరూ మట్టిలో వెతుకుతున్నారు. మా అధికారి డాక్టరు రామశేషయ్యగారు మద్రాసులో పెరిగిన మనిషి. "మట్టి అంతా అందరూ తవ్వేశారు. మనం సముద్రపు బురద తవ్వుదాం," అన్నారు. ఆ మాట మద్రాసులో ఉన్నప్పుడు తోచి ఉంటే బాగుండేది. హోసూరుకు బదిలీ అయి వచ్చాక తోచింది.

కానీ ఆలోచనలో తప్పులేదు. ఆ మాట నేను ఎవరి ముందరైనా చెబుతాను. కల్లావి సంత చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. సంతలో చోటు తక్కువ, అమ్మేవాళ్ళు ఎక్కువ. తెల్లారకముందే వచ్చి గోనెపట్టా పరిచి, పక్కవాడు జరగకుండా మోకాలు అడ్డం పెడతారు. సముద్రపు బురదలో చెంచాడు తీస్తే అందులో ఉండే బాక్టీరియాలదీ అదే తంటా. వాటికి మోకాళ్ళు లేవు కాబట్టి కొన్ని ఒక పదార్థాన్ని తయారుచేసి చుట్టూ వదులుతాయి. అది తగిలిన పక్క బాక్టీరియా చస్తుంది, లేకపోతే పెరగడం మానుకుంటుంది. మనకు మందు ఇద్దామని ఏ బాక్టీరియా అనుకోదు. దాని చోటు అది కాపాడుకుంటుంది. ఆ ఆయుధాన్ని మనం దొంగిలించి ఆవుకు పొడుస్తాం. పరిశోధన అంటే ఇంతే. దీన్ని ఇరవై పేజీలు చెప్పేవాణ్ణి నమ్మకండి.

కృష్ణగిరిలో తాగిన సముద్రం

సముద్రపు బాక్టీరియాకు సముద్రపు నీళ్ళతోనే వంట చేయాలి. ఆ నీళ్ళు తెచ్చే పని నాది. వేప్పనపల్లి తోటల నుంచి మద్రాసుకు మామిడికాయలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో నాలుగు పెద్ద గాజు జాడీలు, వెదురు బుట్టల్లో గడ్డి పేర్చి, మూతులకు మైనం వేసి తెచ్చాను. ఒక చిన్న డబ్బాలో బురద.

అవి మద్యనిషేధం రోజులు. కృష్ణగిరి దగ్గర లారీ ఆపారు. జమేదారు జాడీలను చుట్టూ తిరిగి చూశాడు.

"ఏమప్పా ఇది?"

"సముద్రపు నీళ్ళు సామీ."

"ఎవురికి?"

"బాక్టీరియాకు."

నా జవాబులో ఏ తప్పూ లేదు. కానీ ఆయన మొహం చూస్తే నేనేదో ముఠా పేరు చెప్పినట్టుంది.

"నీళ్ళయితే తాగు, చూస్తాను," అన్నాడు.

ఒక జాడీ మైనం ఊడదీసి గ్లాసు నిండా తాగాను. సముద్రపు నీళ్ళు ఉప్పగా ఉంటాయని అందరూ అంటారు. గ్లాసెడు తాగినవాడు అలా అనడు. ముందు ఉప్పు, మింగాక గొంతులో చేదు, ఆ చేదు సాయంత్రం దాకా పోదు. జమేదారుకు ఇంకా అనుమానం తీరక కానిస్టేబులుకు ఒక గ్లాసు పోశాడు. అతను రోడ్డు పక్కన కూర్చుని లేవలేదు. "దీంతో ఎవుడూ మత్తెక్కడు, పోనీ," అని జమేదారు మమ్మల్ని వదిలేశాడు. ఆ రుచిని గుర్తుపెట్టుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. నాలుకే గుర్తుపెట్టుకుంది.

నలభై ఒకటో నంబరు

తెచ్చిన నీళ్ళను ఆరు వారాలు చీకటి గదిలో కదలకుండా ఉంచాలి. అందులోని చెత్త దానంతట అదే చచ్చి అడుక్కు దిగుతుంది. పచ్చి నీళ్ళతో వంట కుదరదు. ఆ గదికి కాపలా మునెప్ప. వేప్పనపల్లి వైపువాడు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది.

ఆరు వారాలయ్యాక మొదటి జాడీతో వంట చేశాను. బురదలోంచి తీసిన బాక్టీరియాలకు వరసగా నంబర్లు వేశాం. పొదుగువాపు క్రిమిని పళ్ళెం అంతా పరిచి, మధ్యలో మన బాక్టీరియా చుక్క పెట్టడం పద్ధతి. అది ఆయుధం తయారుచేస్తే చుట్టూ ఖాళీ వలయం కనపడుతుంది. నలభై నంబర్లకు ఏమీ లేదు. నలభై ఒకటికి కనపడింది. రూపాయి బిళ్ళంత వలయం, అంచు గీసినట్టు.

డాక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన నన్ను ముట్టుకోవడం అదే మొదలు, అదే చివర. ఆ రోజే మద్రాసుకు ఉత్తరం రాశారు. అక్కడి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు పరిశీలనకు వస్తానని జవాబు వచ్చింది. వలయం నిజమైతే సముద్రపు పని సాగుతుంది. లేకపోతే బాక్టీరియాలన్నీ ఉడికించి పారబోసి, ఆ గది ఖాళీ చేయాలి. ఉత్తరంలో ఇంత స్పష్టంగా రాశారు.

మొదటి జాడీ అయిపోయింది. రెండో జాడీతో వంట చేశాను. నలభై ఒకటి పెరిగింది, కాస్త పలచగానైనా పెరిగింది. వలయం లేదు. మళ్ళీ చేశాను. లేదు. మూడో జాడీతో చేశాను. లేదు.

"మొదట కనపడింది నీ చేతి మురికి," అన్నారు డాక్టరుగారు. "నీ చేతిలోంచి ఏదో పడింది. దాన్ని చూసి నేను మద్రాసుకు రాశాను."

"నా చేతి మురికికి పొదుగువాపు తగ్గుతుందంటే అది కూడా రాయాల్సిందే కదా సార్," అన్నాను.

అది అనకూడని మాట. కానీ ఇప్పుడైనా అదే అంటాను. పరిశీలనకు ఇంకా వారం రోజులే ఉంది. నలభై ఒకటి బతకాలంటే వలయం కనపడాలి. నా చేతులు శుభ్రమైనవని రుజువు కావాలన్నా అదే కనపడాలి.

ఆడి అమావాస్య

వంటలో తప్పుంటే సరుకును ఒక్కొక్కటీ చూడాలి. పొడి అదే. అగరు అదే. మిగిలింది నీళ్ళు. రెండో జాడీలోంచి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు ఉంది. గొంతులో చేదు రాలేదు. దానికి బదులు నాలుక బిరుసెక్కింది. ఆ బిరుసు నాకు తెలుసు. అది మా ఆవరణలో ఉన్న బావిది.

మునెప్పను పిలిచాను.

"ఈ జాడీలు ఎవురు ముట్టినారు మునెప్పన్నా?"

"ఎవురూ ముట్టలేదే. తీసుకున్నోళ్ళు తీసుకున్నంతా మళ్ళా పోసేసినారు. నేను దగ్గరుండి చూసినాను. చెంబుకు చెంబు. మైనం కూడా మళ్ళా వేసినాను."

"తీసుకున్నోళ్ళా?"

"మొన్న ఆడి నెల అమావాస్య కదప్పా. ఆ పొద్దు సముద్రంలో తల ముంచితే పుణ్యం. మనోళ్ళు రామేశ్వరం యాడ పోతారు? సముద్రమే ఈడికి వచ్చి గదిలో కూర్చోనుండాది. తలా ఒక చెంబు పోసుకున్నారు. కొందరు సీసాల్లో ఇంటికి పట్టుకొని పోయినారు."

"మళ్ళా పోసింది ఏం నీళ్ళు?"

"ఉప్పునీళ్ళే," అన్నాడు, నేను అతన్ని అవమానించినట్టు. "జాడీ మీద చీటీలో ఉప్పునీళ్ళు అనే కదా రాసుండారు. నేనేమన్నా మంచినీళ్ళు పోయనిస్తానా? ఆ మాత్రం తెలీదా నాకు? బావిలో తోడి పోసినాము."

మా వైపు తాగడానికి పనికిరాని బావినీళ్ళను ఉప్పునీళ్ళంటాం. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అవే ఉప్పునీళ్ళు. ఆ బావికి అదే పేరు. జాడీల మీద చీటీలు రాసింది నేను. తెలుగులో, అందరికీ అర్థమయ్యేటట్టు, పెద్ద అక్షరాలతో, ఉప్పునీళ్ళు అని.

"మూడు జాడీల్లోనూ తీసినారా?"

"ఒకదాంట్లోనే తీస్తే దానికి అన్యాయం కాదా? మూడింట్లోనూ సమంగా తీసినాము. సగానికి మీదే అయిండాది."

"ఎట్ల ఒప్పుకున్నావన్నా?"

మునెప్ప గొంతు తగ్గించాడు. "నేను ఒప్పుకోలేదప్పా. డాక్టరయ్య వాళ్ళమ్మగారు వచ్చి, 'మునెప్పా, ఒక్క చెంబు' అనింది. ఆయమ్మకు పోసినాక మిగతావోళ్ళకు లేదని ఏ నోటితో చెప్పేది?"

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు.

సీసాల వేట

మళ్ళీ మద్రాసు పోయి వచ్చినా లాభం లేదు. పచ్చి నీళ్ళు ఆరు వారాలు మాగాలి. వారం రోజుల్లో పనికొచ్చే సముద్రం హోసూరులో ఒక్క చోటే ఉంది, జనం దేవుడి గూళ్ళలో. అవీ చీకటిగానే ఉంటాయి. ఎవరూ కదిలించరు. పరిశోధన పద్ధతి ప్రకారం దానికంటే మంచి గది మా దగ్గర లేదు.

మునెప్పను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పదకొండు సీసాలు దొరికాయి. భక్తి ఎక్కువైన చోట పరిశోధన కుదరదని ఆ రోజే తెలుసుకున్నాను. ఒకదాంట్లో పసుపు కలిపారు. ఇంకొకదాంట్లో తులసి వేశారు. ఏడింట్లో కర్పూరం. పసుపూ కర్పూరమూ ఉంటే వలయం వచ్చినా అది ఎవరిదో చెప్పలేం. ఒకామె వాళ్ళ బావినీళ్ళనే సీసాలో పోసి ఇచ్చింది. నాలుక మీద పెట్టుకుని తిరిగి ఇస్తే, "ఊరికే అడిగితే ఊరికే ఇచ్చినాను, దానికి రుచి కూడా చూస్తావా?" అంది.

చివరికి గౌరమ్మ ఇల్లు. డెబ్బై దాటిన మనిషి. ఒక్క చిటికెడు పసుపు కూడా ఊరికే ఖర్చు చేయదని వీధిలో పేరు. ఆమె సీసా తెల్లగా, తేటగా, నిండుగా ఉంది. మూత తీసి రుచి చూశాను. గొంతులో చేదు దిగింది. ఆ చేదుకు అంత సంతోషపడ్డవాడు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"ఇచ్చిన సముద్రం మళ్ళా అడుగుతావా, సిగ్గు లేదా నీకు?" అంది.

"ఆవుల పొదుగువాపుకు మందు కోసమమ్మా."

"మా ఎర్రావుకు వచ్చినప్పుడు యాడికి పోయినావు?"

"అప్పుడు నాకు ఉద్యోగం లేదమ్మా."

"ఇప్పుడుండి ఏం చేసినావు?"

ఈ ప్రశ్న మా లాబరేటరీని ఇంత సూటిగా ఏ పరిశీలకుడూ అడగలేదు. ఆమె నా చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించింది. "నేను పోయేటప్పుడు నోట్లో పోసుకుందామని దాచుకున్నాను," అంది. తర్వాత సీసా నా చేతిలో పెట్టింది. "పోతే మళ్ళా తెచ్చిపెట్టు. నేను ఇప్పట్లో పోనులే."

పరిశీలన రోజు

మూడు రకాల వంట చేశాను. జాడీ నీళ్ళతో ఒకటి, బావినీళ్ళలో వంటింటి ఉప్పు కలిపి ఒకటి, గౌరమ్మ నీళ్ళతో ఒకటి. పళ్ళేల మీద జా, బా, గౌ అని రాశాను. నా చేతులు ఒకటే, బాక్టీరియా ఒకటే, క్రిమి ఒకటే. నీళ్ళు ఒక్కటే వేరు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఏ సరుకు చెడిందో కనుక్కోవాలంటే ఒక్కొక్కటే మార్చాలని మా అమ్మకు కూడా తెలుసు.

ప్రొఫెసరు వచ్చిన రోజు పొద్దున పళ్ళేల మీద కప్పిన గుడ్డ తీసి చూశాను. జా పళ్ళేలలో నలభై ఒకటి పెరిగింది, వలయం లేదు. బా పళ్ళేలలో అది సరిగా పెరగనే లేదు. గౌ పళ్ళేలు నాలుగు. నాలుగింటిలోనూ వలయం, రూపాయి బిళ్ళంత.

ప్రొఫెసరు సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. పళ్ళేలను వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఈ గౌ అంటే ఏమిటి?" అన్నాడు ఇంగ్లీషులో.

"గ్లిసరాల్," అన్నారు డాక్టరుగారు వెంటనే. అందులో గ్లిసరాల్ చుక్క లేదు. ఆ సీసా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడం ఆయనకు చేతకాదు.

"కాదు సార్," అన్నాను. "అది నిజమైన సముద్రపు నీళ్ళు. జాడీల్లో ఉన్నది సగం బావినీళ్ళు. నీళ్ళు పలచనైతే ఇది బతుకుతుంది, కానీ ఆయుధం చేయదు. సముద్రంలో ఉన్న ఇంకేదో కావాలి దానికి."

ప్రొఫెసరు పళ్ళెం కింద పెట్టాడు. నా వైపు తిరిగాడు. "జాడీల్లో బావినీళ్ళు ఎవరు పోశారు?"

గుమ్మం దగ్గర మునెప్ప నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా మాట ఎటు పోతోందో అతనికి తెలిసింది. చెప్పడానికి నాకు అన్నీ ఉన్నాయి. అమావాస్య, చెంబులు, సీసాలు. కానీ చెబితే మునెప్ప రిటైరు కాకముందే ఇంటికి పోతాడు. ఇంకోటి కూడా ఉంది. మొదటి చెంబు ఎవరిదని అడుగుతారు. తల్లి పేరు పరిశీలకుడి ముందు వినపడ్డాక డాక్టరుగారు నలభై ఒకటిని ఒక్క రోజు కూడా బతకనివ్వరు.

"నేనే సార్," అన్నాను. "తక్కువైతే కలిపాను."

"ఎందుకు?"

"చీటీ మీద ఉప్పునీళ్ళని రాసుంది సార్."

ప్రొఫెసరు గౌ పళ్ళెం మళ్ళీ వెలుతురుకు పెట్టాడు. నా మాట నమ్మలేదనుకుంటాను. "ఈ బాక్టీరియాను ఉంచండి," అని డాక్టరుగారితో అని, వెళ్ళి కారెక్కాడు.

ఫైల్లో ఉన్నది

నలభై ఒకటి బతికింది. చాలా ఏళ్ళకు ఒక పుస్తకంలో చదివాను. కొన్ని సముద్ర బాక్టీరియాలు సముద్రంలో ఉండే బ్రోమిన్‌ను తీసుకుని తమ ఆయుధంలో అతికిస్తాయట. అది లేకపోతే బతుకుతాయి గానీ ఆయుధం కుదరదు. మాది అదే జాతా అని ఎవరూ చూడలేదు. నేను అడిగినా చూడలేదు. మందు సంగతి అడుగుతారు కదా, కాలేదు. రెండేళ్ళు కష్టపడి రసం తీసి ఎలుకకు పొడిస్తే, క్రిమి ఎంత త్వరగా చచ్చిందో ఎలుకా అంతే త్వరగా చచ్చింది. ఇట్లాంటివి వంద దొరికితే తొంభై తొమ్మిది ఇంతే. ఆ ఒక్కదాని కోసం ఉద్యోగంలో చేరండి. కానీ మీ చేతికి దొరికేది ఆ తొంభై తొమ్మిదిలో ఒకటేనని తెలుసుకుని చేరండి. గౌరమ్మకు తర్వాతి ట్రిప్పులో రెండు సీసాలు తెచ్చిచ్చాను. మునెప్ప పూలమాల వేయించుకుని రిటైరయ్యాడు.

నాకు కోపం వీటి మీద కాదు.

అరవైల మధ్యలో ఆ లాబరేటరీ మూసేటప్పుడు పాత ఫైళ్ళు కట్టలు కట్టే పని నాకే పడింది. నలభై ఒకటో నంబరు ఫైలు తెరిచాను. ఆ బాక్టీరియా సముద్రపు నీళ్ళు లేకుండా ఆయుధం చేయదన్నది మా లాబరేటరీ అన్నేళ్ళలో కనుక్కున్న ఒకే ఒక్క సంగతి. అది ఫైల్లో ఉంది. డాక్టరుగారు దాన్ని ఫలితాల కింద రాయలేదు. క్రమశిక్షణ కింద రాశారు. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల నీళ్ళు మారినందున బాక్టీరియా పదార్థం తయారుచేయలేదని, బాధ్యులను హెచ్చరించడమైనదని ఉంది. నా పేరు తిమ్మరాయప్ప. టైపు చేసినవాడు దాన్ని మధ్యకు విరిచాడు. బాధ్యులు, ఒకటి తిమ్మ, రెండు రాయప్ప.

ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకోవాలని కింద గడులు గీసి ఉన్నాయి. రెండూ ఖాళీగానే ఉన్నాయి. కలం తీసి రెండింట్లోనూ నేనే సంతకం పెట్టి కట్ట కట్టాను.